రహదారి గుర్తులు – పేటల వీధులలో పిల్లల క్షేమం

(పాఠశాల అమృత మహోత్సవాల సందర్భమున ఏర్పాటైన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల పండుగనాడు పాఠశాల గొప్పతనమును గురించి చెప్పేవారికి కొదువ ఉండదు. అది చెప్పదగినదే, వినదగినదే. అయితే ఈ ప్రసంగానికి ఎంచుకొన్న విషయం పాఠశాల గేటు లోపలిది కాదు. గేటు దాటిన మరుక్షణం మొదలయ్యేది. ఉదయం ఇంటి గడప దిగిన పసివాడు బడి గడప ఎక్కేవరకు, సాయంత్రం బడి విడిచిన పసిపాప అమ్మ కంటబడేవరకు ఆ బిడ్డ ఎవరి సంరక్షణలో ఉన్నట్లు? తల్లి కాదు, పంతులు కాదు. వీధి సంరక్షణలో ఉన్నట్లు. ఆ వీధి సంరక్షకురాలి వంటిదా, కాదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

షోలాపూరు తూర్పు పేటలలో, పూర్వభాగ్ అని నగరమంతా పిలిచే ప్రాంతంలో, తెలుగువారి ఇండ్లకు ఒక ప్రత్యేకత ఉన్నది. నేత పని వెంట తరతరాల క్రితం ఇటు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇంటిని, పనిచోటును వేరుగా చూడలేదు. క్రింది అంతస్తులో సాంచాలు, పైన కాపురం. లేదా గోడకు ఆవలి వైపు సాంచాలు, ఈవలి వైపు వంటిల్లు. ఇంటి ఆడవారు గడపలో కూర్చొని బీడీలు చుట్టే వీధులూ అవే. పిల్లవానికి ఆటస్థలమూ ఆ వీధే. చాదర్ల మూటలతో టెంపో వచ్చేదీ, నూలు చుట్టిన బీములను తోపుడు బండిమీద త్రోసుకొని పోయేదీ ఆ వీధిలోనే. నడకకు, చేతి బండికి, సైకిలుకు ఏర్పడిన వీధులివి. వెడల్పు పెరగలేదు, దాని మీద తిరిగేవాటి సంఖ్య, బరువు, వేగం మాత్రం పెరిగినవి.

వీటన్నిటికంటె ముఖ్యమైనది, బయటివారు గమనించనిది మరొకటి ఉన్నది. అది చప్పుడు. రహదారి భద్రతను గురించి వ్రాసిన ఏ పుస్తకం తెరిచినా ‘ఆగు, చూడు, విను, దాటు’ అని కనబడుతుంది. సాంచాలు నడిచే గల్లీలో ‘విను’ అన్న మాటకు అర్థమేమిటి? పగలంతా ఎడతెగని ఆ మ్రోతలో వెనుకనుండి వచ్చే స్కూటరు చప్పుడు పెద్దవానికే వినబడదు. పుట్టినది మొదలు ఆ మ్రోతలోనే పెరిగిన బిడ్డ, వాహనపు చప్పుడును వేరుచేసి పట్టుకొనగలడని అనుకోవడం కష్టం. ఇప్పుడు విద్యుత్తుతో నడిచే స్కూటర్లు వచ్చినవి. వాటికి ఇంజను చప్పుడే లేదు. పొగ లేదని సంతోషించవలసినదే, కాని నేత పేటలోని పసివానికి ఆ వాహనం గాలిలోనుండి పుట్టినట్లే ఉంటుంది. కనుక ఈ వీధులలో బిడ్డకు మిగిలిన ఆధారం కన్ను ఒక్కటే.

ఆ కన్ను ఎంత ఎత్తున ఉన్నది? ఆరేండ్ల బిడ్డ నిలుచుంటే సుమారు ఒక మీటరు. వీధి ప్రక్కన నిలిపిన కారు ఎత్తు మీటరున్నర. టెంపో అంతకంటె చాల ఎక్కువ. రెండు వాహనాల నడుమనుండి తల బయటపెట్టిన బిడ్డకు వీధి కనబడదు. వీధిలో వచ్చేవానికి బిడ్డ కనబడదు. ఈ రెండవ సంగతిని పిల్లలు గ్రహించలేరు. తనకు బండి కనబడుతున్నది గనుక బండివానికి తాను కనబడుతున్నానని పసివాడు అనుకొంటాడు. దాగుడుమూతలలో తన కండ్లు తాను మూసుకొని, ఎవరికీ కనబడలేదని మురిసిపోయే వయస్సు అది.

స్వీడను దేశపు మనస్తత్వవేత్త స్టీనా సాండెల్స్ 1960వ దశకంలో చిన్నపిల్లలు రహదారిమీద ఎట్లా నడుచుకొంటారో ఏండ్ల తరబడి పరిశీలించినది. ఎంత శ్రద్ధగా నేర్పినను చిన్న వయస్సు బిడ్డను వాహనాల రాకపోకలకు తగినట్లు తయారుచేయడం సాధ్యం కాదనీ, రాకపోకలనే బిడ్డకు తగినట్లు మార్చవలసి ఉంటుందనీ ఆమె తేల్చినది. 2011లో లండను విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కళాశాల పరిశోధకులు మరొక సంగతి బయటపెట్టినారు. తనవైపు వస్తున్న వస్తువు కంటిలో క్రమంగా పెద్దదవుతుంది. ఆ పెరుగుదలను బట్టియే వేగాన్ని పోల్చుకొంటాము. ప్రాథమిక పాఠశాల వయస్సు పిల్లల కంటికి ఈ శక్తి ఇంకా పూర్తిగా రాదు. గంటకు సుమారు 32 కిలోమీటర్లకు మించిన వేగంతో వచ్చే వాహనాన్ని, అది వస్తున్నదనియే వారు నమ్మకంగా గుర్తించలేకపోవచ్చునని ఆ పరిశోధన తెలిపినది. ‘చూడకుండా ఉరికినాడు’ అని పెద్దలు బిడ్డను తప్పుపట్టే అనేక సందర్భాలలో బిడ్డ చూచియే ఉంటాడు. చూచినదానిని కొలిచే సాధనమే వానికింకా లేదు.

ఇక గుర్తుల సంగతి. రహదారి గుర్తులు మొదట పుట్టినది బాటసారి కొరకు కాదు, మోటారువాని కొరకు. 1909లో పారిస్ నగరంలో కొన్ని ఐరోపా ప్రభుత్వాలు కూడి నాలుగు బొమ్మలను ఒప్పుకొన్నవి: మిట్టపల్లము, మలుపు, కూడలి, రైలు గేటు. నాలుగూ మోటారుకు, అందులో కూర్చున్నవానికి రాగల అపాయాన్ని చెప్పేవే. మోటారు వలన ఇతరులకు రాగల అపాయం ఆ జాబితాలో లేదు. బడి పిల్లల బొమ్మ తరువాత వచ్చినది. బ్రిటనులో ఒకప్పుడు బడికి గుర్తుగా మండుతున్న కాగడా బొమ్మ ఉండేది, జ్ఞానజ్యోతి అన్నమాట! భావం గొప్పదే, కాని వేగంగా వచ్చేవానికి కాగడాను చూస్తే పిల్లలు గుర్తుకు వస్తారా? 1965 జనవరి 1 నుండి అక్కడ అమలులోనికి వచ్చిన కొత్త గుర్తులలో మార్గరెట్ కాల్వర్ట్ అనే చిత్రకారిణి గీసిన బొమ్మ చేరినది. అందులో పెద్దదైన ఆడపిల్ల చిన్నవాడైన మగపిల్లవాని చేయి పట్టుకొని ముందుకు నడిపిస్తున్నది. అంతకుముందు ఉన్న బొమ్మలో టోపీ పెట్టుకొన్న బాలుడు ఉండేవాడు. తమ్ముని చేయి పట్టుకొని బడికి వచ్చే అక్కలు ఈ పాఠశాలలో ప్రతి ఉదయమూ కనబడతారు గనుక ఆ బొమ్మ ఇక్కడివారికి పరాయిది కాదు.

1968లో వియన్నా నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికలో 1980లో భారతదేశం కూడ చేరినది. ఈ దేశపు గుర్తులకు ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం, దాని మొదటి షెడ్యూలు. మూడు జాతులు: ఎర్ర అంచుగల త్రికోణం హెచ్చరిస్తుంది, వృత్తం ఆజ్ఞాపిస్తుంది, నీలి దీర్ఘచతురస్రం సమాచారం చెబుతుంది. ‘ఆగుము’ అనే గుర్తు ఒక్కటే ఎనిమిది పలకలది. ‘దారి ఇమ్ము’ అనేది తలక్రిందులైన త్రికోణం. వెనుకనుండి చూచినను, దుమ్ము కమ్మినను ఆకారమును బట్టి పోల్చుకొనుటకే ఈ రెంటికీ ప్రత్యేక రూపాలు. బడి గుర్తు త్రికోణం, అనగా హెచ్చరిక మాత్రమే. ‘ముప్పదికి మించరాదు’ అనే అంకె గల ఎర్ర వృత్తం ఆజ్ఞ. ఈ భేదం తెలియక, త్రికోణం నాటించి పని అయిపోయినదని సంతోషించే బడులు ఎన్నో ఉన్నవి.

బొమ్మకు భాష లేదన్నది తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు గొప్ప మేలు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, దుకాణం పలకపై ఆంగ్లం, రైలు స్టేషనులో హిందీ – ఇన్నిటి నడుమ పెరిగే బిడ్డ ‘థాంబా’ అన్న మాటను చదవగలిగే వయస్సుకు ముందే ఎనిమిది పలకల ఎర్రబొమ్మను గుర్తించగలడు. మాటలతో ఉన్న పలకలు ఒక్కొక్కప్పుడు చిత్రమైన చిక్కులు తెస్తవి. మరాఠీలో ‘సావకాశ్’ అంటే మెల్లగా పొమ్మని ఆజ్ఞ; తెలుగు చెవికి అది తీరిక ఉన్నప్పుడు చేయదగిన పనిగా వినబడుతుంది. ‘గతిరోధక్’ అని వ్రాసిన చోట ఊరినుండి కొత్తగా వచ్చిన ముసలమ్మ, ఎవరి గతి ఏమైనదోనని కంగారు పడినా ఆశ్చర్యం లేదు. కనుక ఒకటవ తరగతిలో అక్షరాలతోపాటు ఈ పది పన్నెండు బొమ్మలను కూడ దిద్దించడం మంచిదే.

అయితే ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. గుర్తును పిల్లవానికి నేర్పడం వేరు, గుర్తుపై పిల్లవాని ప్రాణాన్ని మోపడం వేరు. పిల్లల బొమ్మ ఉన్న త్రికోణమును చూపి ‘ఇది ఏమిటి’ అని ఒక పసివానిని అడిగి చూడవచ్చును. ‘ఇక్కడ పిల్లలు ఉరుకవచ్చును’ అని సమాధానం వస్తే నవ్వవలసిన పని లేదు. బొమ్మలో ఉన్నది వాడు ఉన్నట్లు చదివినాడు. ఆ గుర్తు మాట్లాడేది బండి నడిపేవానితో. జీబ్రా గీతలు కూడ అంతే. 1951లో బ్రిటనులో మొదలైన ఆ తెల్ల చారలు ఈనాడు ప్రపంచమంతటా ఉన్నవి. చారలపై కాలు పెట్టినవానికి వాహనం దారి ఇవ్వవలెనన్నది నియమం. కాని ఆ నియమాన్ని నమ్మి కాలు పెట్టిన బిడ్డను కాపాడేది చార కాదు, ఆ క్షణాన బ్రేకు మీద ఉన్న కాలు.

ఆ కాలును గురించి కొంచెం లెక్క చూడవలెను. ఇది ఎనిమిదవ తరగతి లెక్క. గంటకు 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 8 మీటర్లు. 50 కిలోమీటర్లంటే సుమారు 14 మీటర్లు. ఎదుట బిడ్డ కనబడిన తరువాత నడిపేవాని బుద్ధికి అందడానికి, కాలో చేయో బ్రేకును పట్టడానికి ఒక సెకను పడుతుందనుకొందాము, జాగరూకుడైనవానికే అది. ఆ తరువాత మంచి బ్రేకులు, పొడి నేల ఉంటే 30లో వచ్చే బండి మరి 5 మీటర్లలో నిలుస్తుంది. మొత్తం 13 మీటర్లు. 50లో వచ్చే బండికి నిలవడానికి మొత్తం 27, 28 మీటర్లు కావలెను. బిడ్డ 14 మీటర్ల దూరంలో వీధిలోనికి వచ్చినాడనుకొంటే, మొదటి బండి బిడ్డకు ముందే ఆగిపోతుంది. రెండవ బండి, బ్రేకు పట్టడం మొదలయ్యేసరికే బిడ్డ దగ్గర ఉంటుంది. వేగం తగ్గి తగలడం కాదు, ఏ వేగంతో వచ్చినదో అదే వేగంతో తగలడం. ఇరువురూ మంచివారే కావచ్చును, ఇరువురూ చూచినవారే కావచ్చును. తేడా ఇరవై కిలోమీటర్లు. నాలుగు వందల మీటర్ల వీధిలో ఆ ఇరవై కిలోమీటర్ల వలన మిగిలే కాలం ఇరవై సెకన్ల కంటె తక్కువ.

2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోం నగరంలో జరిగిన మంత్రుల మహాసభ, జనమూ వాహనాలూ కలిసి తిరిగే చోట్ల 30 కిలోమీటర్లకు మించిన వేగం ఉండరాదని ప్రకటించడానికి ఈ లెక్కే మూలం. మన దేశంలో 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం పురపాలక హద్దులలోని రహదారిపై కారుకు 70, మోటారు సైకిలుకు 60 కిలోమీటర్లు. ఇది హద్దు మాత్రమే; స్థానికాధికారులు తగ్గించవచ్చును. చట్టంలోని 112వ సెక్షను అందుకు అధికారం ఇస్తున్నది, 116వ సెక్షను గుర్తును నాటే విధం చెబుతున్నది. కాని ఎవరూ తగ్గించి పలక నాటకపోతే, సాంచాల గల్లీకీ అరవై అడుగుల రోడ్డుకూ కాగితంమీద పెద్ద తేడా ఉండదు. అందువలన ఎర్ర వృత్తంలో 30 అంకె కొరకు అర్జీ పెట్టడం వ్యర్థమైన పని కాదు. త్రికోణం అడగడంతో ఆగిపోరాదు, అంతే.

పలక వచ్చిన తరువాత దానిని కనబడనివ్వడం మరొక బాధ్యత. పండుగలకు, పుట్టినరోజులకు, ఎన్నికలకు గుర్తుల స్తంభాలకే ఫ్లెక్సీలు కట్టే అలవాటు ఈ పట్టణంలో ఎంత ఉన్నదో అందరికీ తెలుసు. పిల్లల బొమ్మమీద నాయకుని చిరునవ్వు వ్రేలాడుతూ ఉంటుంది. గుర్తును మార్చడం, చెరపడం, పాడుచేయడం 116వ సెక్షను ప్రకారం నిషిద్ధం. ఏ సంఘమైనా, తెలుగు సంఘాలతో సహా, పెద్దలకు శుభాకాంక్షలు చెప్పుకొనుటకు వేరు చోటు వెదకుకొనవలెను.

పలక ఉన్నంత మాత్రాన ఏమవుతుంది అని అడిగేవారి ప్రశ్నలో న్యాయమున్నది. రైలు గేట్ల చరిత్రే ఇందుకు సాక్ష్యం. కాపలా లేని గేట్ల వద్ద ఆగి, చూచి దాటుమని పలక పెట్టి ఊరుకోవడం దశాబ్దాల ఆచారం. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద అట్టి గేటును దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా చిన్నారులు మరణించినారు. ఆ వార్త విన్న తెలుగు ఇల్లు, ఎక్కడ ఉన్నదైనా, ఆ పూట అన్నం తిని ఉండదు. ఆ తరువాతి ఏండ్లలో రైల్వే శాఖ పలకల సంఖ్య పెంచలేదు. కాపలా లేని గేట్లనే తీసివేసినది. కొన్నిటికి మనిషిని పెట్టినారు, కొన్నిటి క్రిందనుండి దారి త్రవ్వినారు, కొన్ని మూసినారు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గాలలో అట్టి గేటు మిగలలేదు. మనిషి పొరపాటు పడతాడని ఒప్పుకొని, పొరపాటు పడినా ప్రాణం పోని విధంగా చోటును మార్చడమే అక్కడ జరిగినది.

వీధి విషయంలో ఈ పని చేసి చూపినవారు డచ్చివారు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాలలో మూడు వేలమందికి పైగా మరణించినారు. అందులో నాలుగు వందలకు పైగా పిల్లలు. కుమార్తెను పోగొట్టుకొన్న విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికా రచయిత 1972లో తన పత్రికలో ‘పిల్లల హత్యలను ఆపండి’ అనే అర్థం వచ్చే శీర్షికతో వ్రాసినాడు. ప్రమాదమనలేదు, హత్య అన్నాడు. ఆ మాటే ఒక ఉద్యమానికి పేరైనది. తల్లులు, తండ్రులు, పిల్లలు వీధులలో కూర్చొన్నారు. అంతకు కొంచెం ముందే డెల్ఫ్ట్ పట్టణంలో కొన్ని వీధులను, నడిచేవారికి వాహనాలకంటె పైచేయి ఉండునట్లు మార్చడం మొదలైనది. తిన్నని దారిని మెలికలు త్రిప్పినారు. నడుమ చెట్లు, బల్లలు పెట్టినారు. కాలిబాట, బండిబాట అనే గట్టును తీసివేసి అంతా ఒకే నేల చేసినారు. అక్కడికి వచ్చిన బండివాడు తాను ఎవరి వాకిట్లోనో అడుగుపెట్టినట్లు తనకు తానే మెల్లబడతాడు. 1976లో ఆ దేశపు చట్టం ఇట్టి వీధులను గుర్తించినది. వాటి పేరు ‘వూనెర్ఫ్’, అనగా నివాసపు ముంగిలి.

ఈ సంగతి విన్న పూర్వభాగ్ పెద్దలకు నవ్వు రావచ్చును. మంచాలు, పడుగు నూలు, బీడీల చాటలు, కల్లాపి, ముగ్గు – ఈ పేటల వీధులు ఒకప్పుడు అటువంటి ముంగిళ్ళే గదా! అవి మాయమై, నడుమ సిమెంటు పరచి తిన్నగా చేసిన తరువాత వేగం వచ్చినది. డచ్చివారు డబ్బు ఖర్చుపెట్టి తెచ్చుకొన్నదానిని ఇక్కడ డబ్బు ఖర్చుపెట్టి పోగొట్టుకొన్నారు. మంచాలు తిరిగి వేయుమని చెప్పడం కాదు. వీధిని మంచిగా చేయడమంటే తిన్నగా, నున్నగా చేయడమే అన్న భ్రమ పోవలెను.

ఎత్తుగడ్డల విషయంలో కూడ తెలివి కావలెను. ఒక బిడ్డకు దెబ్బ తగిలిన మరునాడు గల్లీవారే కలిసి అడ్డంగా సిమెంటు గడ్డ కట్టుకొనడం ఉన్నది. బాధ అర్థమవుతుంది. కాని గోడవలె నిటారుగా కట్టిన ఇరుకు గడ్డ రాత్రిపూట కనబడక, వెనుక కూర్చున్న గర్భిణినో వృద్ధునో క్రింద పడవేస్తుంది. భారత రహదారుల కాంగ్రెసు చెప్పిన కొలత వేరు: గుండ్రని వీపు, దారి పొడవున 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు. గంటకు 25 కిలోమీటర్లలో పోయేవానికి అది కుదుపు ఇవ్వదు, మించినవానికి ఇస్తుంది. నలుపు తెలుపు చారలు, ముందు ఒక హెచ్చరిక గుర్తు తప్పక ఉండవలెను. ప్రమాణాలు పాటించక కట్టిన రోడ్డు వలన ప్రాణం పోతే కట్టినవారిని, చూడవలసిన అధికారులను బాధ్యులను చేసే 198-ఏ సెక్షను 2019 సవరణతో చట్టంలో చేరినది. లక్ష రూపాయల వరకు జరిమానా. అర్జీ వ్రాసేటప్పుడు ఈ సెక్షను పేరు చివరన చేర్చితే కాగితం కొంచెం వేగంగా కదలవచ్చును.

ఇంతవరకు చెప్పినదంతా ఇతరులు చేయవలసినదిగా వినబడి ఉండవచ్చును. ఇప్పుడు సభలోని వారికి చేదుగా ఉండే మాట ఒకటి రానున్నది.

ప్రాథమిక తరగతులు విడిచే వేళ ఏ బడి గేటు ఎదుటనైనా నిలిచి చూస్తే ఏమి కనబడుతుంది? చెరకు ట్రాక్టర్లు కాదు, పుణె నుండి హైదరాబాదు పోయే లారీలు కాదు. తల్లిదండ్రుల స్కూటర్లు. గేటుకు ఎంత దగ్గరగా నిలిపితే అంత ప్రేమ అన్నట్లు రెండు మూడు వరుసలు. వాటి సందులలోనుండి, ఎవరికీ కనబడకుండా, నడిచి ఇంటికి పోయే పిల్లలు రోడ్డు మధ్యకు రావలసి ఉంటుంది. వారిలో ఎక్కువమంది బీడీ చుట్టే తల్లుల బిడ్డలు; తీసుకొనిపోవడానికి స్కూటరు లేనివారు. తన బిడ్డను పది అడుగులు నడిపించడం ఇష్టంలేని తండ్రి ఇంకొకరి బిడ్డను రోడ్డు నడుమకు నెట్టుతున్నాడు. బడి, ఆసుపత్రి ప్రవేశద్వారాల వద్ద గాని, గుర్తుకు అడ్డంగా గాని వాహనం నిలుపరాదని 1989 నాటి రహదారి నియమాలలోనే ఉండేది. దాని కొరకు పోలీసు రావలసిన అవసరం లేదు.

రెండవ చేదు మాట ఇంకా బరువైనది. పదునాలుగేండ్ల కొడుకు చేతికి తాళం చెవి ఇచ్చి నూలు కోన్లు తెమ్మని పంపే తండ్రులు, బీడీలు అప్పగించి తునికాకు, తంబాకు తీసుకొనిరావడానికి కొడుకు వెనుక కూర్చొని పోయే తల్లులు ఈ పేటలలో అరుదు కాదు. ‘మావాడు పదేండ్లకే నేర్చినాడు’ అని చుట్టాలలో చెప్పుకొనడం కూడ ఉన్నది. పనికి మనిషి లేని ఇంట్లో అది అవసరం నుండి పుట్టినదే, పొగరు నుండి కాదు. అయినను చట్టం ఏమి చెబుతున్నదో తెలిసి ఉండవలెను. గేరు లేని 50 సి.సి. లోపు వాహనానికి పదహారేండ్లు, మిగిలిన వాటికి పద్దెనిమిది నిండవలెను. ఈనాడు ఇండ్లలో ఉన్న పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ రెండవ కోవలోనివే. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులో ఉన్న 199-ఏ సెక్షను ప్రకారం పిల్లవాడు నేరం చేస్తే సంరక్షకుడు లేక వాహన యజమాని దోషి; మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, వాహనపు రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవానికి ఇరవై అయిదేండ్లు నిండే వరకు లైసెన్సు రాదు. బ్రతుకు తెరువు కొరకు డ్రైవరు కావలెనని తలచే పిల్లవానికి ఈ చివరిది ఎంత పెద్ద దెబ్బయో వేరే చెప్పనక్కరలేదు.

జైలు సంగతి అటుంచి, ఆ పిల్లవాని బండి క్రింద పడేది ఎవరు? అదే గల్లీలో గోలీలాడుకొనే ఏడేండ్ల బిడ్డ. ఇరువురూ ఒకే బడి పిల్లలు కావచ్చును. అప్పుడు రెండు ఇండ్లు మునుగుతవి. ఒక ఇల్లు బిడ్డను పోగొట్టుకొని, ఇంకొక ఇల్లు బిడ్డ ముఖం చూడలేక.

తలకు రక్షణ విషయం క్లుప్తంగా: నాలుగేండ్లు దాటిన ప్రతివారికి ద్విచక్ర వాహనంపై హెల్మెట్ తప్పనిసరి, వెనుక కూర్చున్న బడి పిల్లలకు కూడ. నాలుగేండ్ల లోపు బిడ్డను నడిపేవానికి కట్టి ఉంచే పట్టీ, 40 కిలోమీటర్లకు మించని వేగం – ఇది 2022లో ప్రకటించిన నియమం, 2023 ఫిబ్రవరి నుండి అమలు. ముందు ట్యాంకు మీద ఒకరిని, నడుమ ఇద్దరిని కూర్చోబెట్టుకొని బడికి వచ్చే తండ్రికి ఈ నియమాలను ఎవరు ఎట్లా వినిపించగలరో గాని, వినిపించక తప్పదు.

2022లో ఈ దేశంలో రోడ్డుపై మరణించినవారు 1,68,491 మంది. అందులో 32,825 మంది నడిచి పోతున్నవారే. ఇంత పెద్ద అంకెలు మనస్సుకు అందవు. అందుకే చివరగా చిన్న అంకెలతో ఒక పని.

పాఠశాల వీధిలో 30 మీటర్ల దూరం టేపుతో కొలిచి, రెండు చివరల గోడలపై సున్నంతో గీత గీయవలెను. ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల పిల్లలు ఇద్దరిద్దరు ఉపాధ్యాయుని తోడుగా, కాంపౌండు లోపలినుండి, గడియారంతో కూర్చోవలెను. మొదటి గీతనుండి రెండవ గీతకు రావడానికి ఏ వాహనానికి 3.6 సెకన్ల కంటె తక్కువ పట్టునో అది 30 కిలోమీటర్లకు మించినట్లు. బండి నంబరు వ్రాయనక్కరలేదు. ఎవరినీ పట్టించే పని కాదు. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట, రెండు వారాలు. ఎన్ని వచ్చినవి, ఎన్ని మించినవి, గేటు ఎదుట ఎన్ని నిలిచినవి – మూడు గళ్ళ పుస్తకం. ఆ పుస్తకంతో మహానగరపాలిక వార్డు కార్యాలయానికి పోయే అర్జీ మరాఠీలో ఉండవలెను; ఈ బడిలో మరాఠీ చదివిన పిల్లలే దానిని వ్రాయగలరు. వ్రాసినవారి పేర్ల క్రింద సంఘాల పెద్దలు సంతకాలు చేయవలెను.

అర్జీకి జవాబు వచ్చేలోపల, చిన్న తరగతులను పెద్ద తరగతుల కంటె పదిహేను నిమిషాలు ముందుగా విడువవచ్చును. గేటుకు ఇరువైపుల ఇరవై అయిదు అడుగుల మేర స్కూటరు నిలుపకుండ పూర్వ విద్యార్థులు వంతులవారీగా, వారానికి ఇద్దరు చొప్పున నిలువవచ్చును. ఉత్సవాలకు వచ్చినవారిలో షోలాపూరులోనే ఉండేవారు తమ పేరు, వీలైన వారం కార్యాలయంలో వ్రాయించి పోతే, రానున్న సోమవారం నుండియే ఆ పని మొదలు కాగలదు. పుస్తకం ప్రధానోపాధ్యాయుల బల్లమీద ఉంటుంది.